అది దూది కాదు, పిండినల్లి

నేను ఇంట్లోనే కుట్టుపని చేస్తాను. బ్లౌజులు, ఫాల్స్, పీకో, అప్పుడప్పుడు పిల్లల పరికిణీలు. కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు మాది. హాల్లో కిటికీ పక్కన మిషను, మిషను చుట్టూ పద్నాలుగు కుండీలు. మనీప్లాంటు, స్నేక్ ప్లాంటు, రెండు అగ్లోనిమాలు, రబ్బరు మొక్క, జేడ్, ఇంకా చిన్నాచితకా. రోజుకి ఎనిమిది గంటలు వాటి మధ్యే కూర్చుంటాను. వాటికి ఏమైనా అయితే ముందు నాకే తెలియాలి. అయినా తెలియలేదు.

రెండేళ్ల కిందట, దసరా ముందు. చేతిలో నలభై బ్లౌజులు. అగ్లోనిమా ఆకుకాడ కాండానికి అంటుకునే చోట తెల్లగా ఒక పింజ కనిపించింది. లైనింగు గుడ్డ కత్తిరిస్తే పీచు ఎగరడం మామూలే, అదే అయి ఉంటుందనుకున్నా. ఊదాను. ఎగరలేదు. తర్వాత తుడుద్దాంలే అని మళ్లీ మిషను తొక్కడంలో పడ్డాను. పండగ అయ్యేసరికి పక్కనున్న జేడ్‌కీ, దాని పక్కన క్రోటన్‌కీ అవే పింజలు. కింద గచ్చు మీద జిగురు, ఆ జిగురు చుట్టూ చీమలు. గుండుసూదితో ఒక పింజను గుచ్చితే లోపల్నుంచి నారింజ రంగు రసం వచ్చింది. దూదికి రసం ఉండదు కదా!

నా పురుగుల చదువు అక్కడ మొదలైంది. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి మొక్క వాడినా నాకే ఫోను. "అక్కా, పురుగు పట్టింది, ఏం మందు కొట్టాలి?" అంటారు. "ఏ పురుగు?" అంటాను. అవతల నుంచి మాట ఉండదు. పురుగును చూడకుండానే మందు కొనేసి ఉంటారు. ఒకదానికి పనిచేసేది ఇంకోదానికి పనిచేయదు. అందుకే ముందు చూడటం గురించి చెప్తాను.

ఎలా చూడాలి

ఆదివారం పొద్దున కాఫీ తాగి ఒక పావుగంట దీనికే పెట్టుకుంటాను. సూదిలో దారం ఎక్కించడానికి వాడే భూతద్దం, ఫోన్ టార్చి, ఒక తెల్లకాగితం ఉంటే చాలు. ఆకు పైభాగం చూసి లాభం లేదు. పురుగులు ఆకు అడుగున ఉంటాయి, ఈనె వెంట, ఆకుకాడ మొదట్లో, ఇంకా విప్పారని చిగురు మడతలో. కుండీ అంచు కింద కూడా వేలు పెట్టి చూడండి. పిండినల్లి గుడ్ల సంచి అక్కడ దాక్కోవడం నాకు రెండుసార్లు తగిలింది.

మా మేనమామ కడియం నర్సరీల్లో అంట్లు కట్టేవాడు. రాజమండ్రి దగ్గర కడియపులంక వైపు వెళ్లినవాళ్లకి తెలుసు, హైవే పొడుగునా మొక్కలే. ఆయన ఒకటే అనేవాడు: "కొనేటప్పుడు పువ్వు చూడకే, ఆకు తిరగేసి చూడు." చిన్నప్పుడు వినేసి ఊరుకున్నా. ఈ మధ్యే ఆ మాట విలువ తెలిసింది.

పిండినల్లి

తెల్లటి పిండి రాసుకున్నట్టుండే మెత్తటి పురుగు. కదులుతుంది కానీ చాలా నెమ్మదిగా. ఆ తెల్లదనమంతా మైనం. మైనం మీద నీళ్లు నిలవవు, మందూ నిలవదు. అందుకే పైపైన స్ప్రే కొట్టి "అబ్బే, పనిచేయలేదు" అంటారు జనం. ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది, దూదిలాంటి సంచిలో. పిల్లలు బయటికొచ్చి నడుస్తూ పక్క ఆకుకి, పక్క కుండీకి పోతాయి. ఈ నడిచే పిల్లల ఒంటి మీద ఇంకా మైనం పట్టి ఉండదు. మన దెబ్బ తగిలేది ఆ వయసులోనే. ఈ సంగతి తెలిస్తే వారం వారం ఎందుకు చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఈరోజు పెద్దవాటిని చంపుతాం, సంచిలో ఉన్న గుడ్లు వచ్చే వారం పొదుగుతాయి.

ఇలా చేయండి. ముందు ఆ కుండీని మిగతా వాటి నుంచి దూరంగా పెట్టండి. మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్ అడగండి. కరోనా రోజుల్లో కొన్న శానిటైజర్ మిగిలి ఉంటే అదీ పనికొస్తుంది, కానీ నీళ్లలాంటిదే. జెల్ అయితే ఆకుకి బంక పడుతుంది. ఇయర్ బడ్‌ని స్పిరిట్‌లో ముంచి ఒక్కో పురుగునీ అద్దండి. మైనం కరిగి తెల్ల పింజ కాస్తా గోధుమరంగుకి మారిపోతుంది. అది చూస్తే అదో తృప్తి, చెప్పొద్దూ. అద్దాక తుడిచేయండి. జేడ్‌లాంటి గుజ్జు ఆకుల మొక్కకైతే ముందు ఒక్క ఆకు మీద అద్ది, మర్నాడు మచ్చ పడలేదని చూసుకున్నాకే మిగతావి. పొయ్యి దగ్గర, దేవుడి దీపం దగ్గర మాత్రం ఈ పని వద్దు. స్పిరిట్ భగ్గుమంటుంది.

ఏడు రోజులకొకసారి, నాలుగు వారాలు. మూడో వారం ఒక్కటీ కనిపించకపోయినా నాలుగో వారం మానకండి. నేను మానేశాను. సంక్రాంతికి మళ్లీ మొదటికొచ్చింది.

చీమల్ని కూడా పట్టించుకోవాలి. పిండినల్లి విసర్జించే తీయటి జిగురు కోసం చీమలు వాటిని కాపలా కాస్తాయి, మీద పడబోయే మిత్ర పురుగుల్ని తరిమేస్తాయి. మా అమ్మమ్మ పచ్చళ్ల బీరువా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేది. అదే పని నేను కుండీల స్టాండుకి చేశాను. మూడు రోజులకొకసారి నీళ్లు మార్చండి, లేకపోతే చీమలు పోయి దోమలొస్తాయి. ఆ జిగురు మీదే తర్వాత నల్లటి మసి పెరుగుతుంది. అది తడిగుడ్డతో పోతుంది, దానికి మందు అక్కర్లేదు.

అన్నీ చేసినా మొక్క కోలుకోకపోతే కుండీలోంచి ఊడదీసి వేళ్లు చూడండి. వేళ్ల చుట్టూ ముగ్గుపిండి చల్లినట్టుంటే అది వేరుకి పట్టిన పిండినల్లి. మట్టంతా దులిపేసి, వేళ్లు నీళ్లతో కడిగి, కొత్త మట్టిలో నాటాలి. పాత మట్టిని ఇంకో కుండీలో వాడకండి.

ఒక్క హెచ్చరిక. బాల్కనీలో మందార ఉన్నవాళ్లకి పిండినల్లి గుంపులో కాస్త పెద్దగా, గొర్రె బొచ్చులా తెల్ల పోగులు వేలాడుతూ చురుగ్గా తిరిగేది ఒకటి కనిపించవచ్చు. దాన్ని చంపొద్దు. అది పిండినల్లిని తినే అక్షింతల పురుగు పిల్ల కావచ్చు. ఆస్ట్రేలియా నుంచి 1898లో మన దేశానికి తెచ్చిన రకం అది. తిండి ఉన్నచోటికి తనే వస్తుంది.

పొలుసు పురుగు

దీన్ని చాలామంది పురుగనే అనుకోరు. రబ్బరు మొక్క ఆకు అడుగున, మధ్య ఈనె పక్కన గోధుమరంగు టిచ్ బటన్లు వరసగా కుట్టినట్టుంటాయి. కదలవు. గోటితో గీకితే ఊడొస్తే పొలుసు పురుగు, రాకపోతే ఆకు మచ్చ. పెద్దవాటి మీద డిప్ప ఉంటుంది కాబట్టి స్ప్రే కంటే గీకడమే మేలు. పాత టూత్‌బ్రష్, సబ్బునీళ్లు. ఆ తర్వాత వేపనూనె, పిండినల్లికి చెప్పినట్టే ఏడు రోజులకొకసారి, నాలుగు వారాలు. నూనె ఎలా కలపాలో కింద చెప్తాను.

ఎర్రనల్లి

ఏప్రిల్, మే నెలల్లో నాకు వచ్చే ఫోన్లలో సగం దీనివే. హైదరాబాద్ ఎండ 40 దాటుతుంది, ఇంట్లో ఏసీ, గాలి పొడిగా ఉంటుంది. ఎర్రనల్లికి అదే పండగ. ఎదురు ఫ్లాటు వదిన అరెకా పామ్ ఆకులు పాలిపోతే ఎండ తగిలిందని చీకటి మూలకి జరిపింది. ఇంకా పాలిపోయింది. నేను వెళ్లి చూస్తే ఆకు మీద బొంబాయి రవ్వ చల్లినట్టు సన్నటి చుక్కలు. తెల్లకాగితం కింద పట్టి ఆకును రెండుసార్లు తట్టాను. కాగితం మీద మిరియం పొడిలాంటి నలుసులు పడ్డాయి. "దుమ్మే కదా" అంది వదిన. "ఒక్క నిమిషం ఆగండి" అన్నాను. నలుసులు నడవడం మొదలుపెట్టాయి. వదిన కాగితం వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది. వేలితో కాగితం మీద రాస్తే ఒకటి రెండు చోట్ల ఎర్రటి గీత పడింది.

ముదిరితే ఆకుల మధ్య సాలెగూడు కడతాయి. నా దగ్గరున్న ఏ దారం రీలూ అంత సన్నగా ఉండదు. నిజానికి ఇవి పురుగులు కావు, సాలీడు చుట్టాలు. కాళ్లు ఎనిమిది. అందుకే పురుగుమందుల్లో చాలావాటికి ఇవి చావవు. కొన్ని మందులు వాడితే వీటిని తినేవి చచ్చి, ఇవి ఇంకా పెరుగుతాయి.

వీటికి మందు కంటే నీళ్లే మంచివి. కుండీ మట్టి మీద ప్లాస్టిక్ కవరు కప్పి, కాండం చుట్టూ దారంతో కట్టండి. బాత్రూంలోకి తీసుకెళ్లి కుండీని పక్కకి వంచి, హ్యాండ్ షవర్‌తో ఆకుల అడుగుభాగం గట్టిగా కడగండి. ఎండాకాలంలో గుడ్డు నుంచి పెద్ద నల్లి అవడానికి వారం చాలు. కాబట్టి ఇక్కడ వారానికొకసారి సరిపోదు, మూడు నాలుగు రోజులకొకసారి కడగాలి, మూడు వారాలు. రెండు కడుగుళ్ల మధ్య ఒకసారి సబ్బునీళ్లో వేపనూనో కొట్టవచ్చు. మా నాన్న మిరపకి నల్లి పడితే నీళ్లలో కలిసే గంధకం కొట్టేవారు, లీటరుకి 3 గ్రాములు. పొలంలో సరే. ఇంట్లో ఆ వాసన భరించలేం. పైగా ఎండ మండే రోజుల్లో గానీ, నూనె కొట్టిన మొక్క మీద గానీ గంధకం పడితే ఆకులు మాడతాయి.

వదిన అరెకా బతికింది. కింది ఆకులు పోయాయి, పాలిపోయిన ఆకులు మళ్లీ పచ్చబడవు. కొత్త ఆకు శుభ్రంగా వస్తే గెలిచినట్టే.

మట్టిలోంచి లేచే నల్ల ఈగలు

నీళ్లు పోయగానే కుండీలోంచి దోమల్లాంటి చిన్న నల్ల ఈగలు లేచి మొహం మీదికొస్తాయి. వానాకాలంలో ఎక్కువ. అరటిపండు దగ్గర తిరిగే ఈగలు వేరు, ఇవి వేరు. ఇవి తడి మట్టిలో గుడ్లు పెడతాయి, నల్ల తల, గాజులాంటి ఒళ్లు ఉన్న సన్నటి పిల్లపురుగులు మట్టిలోని బూజునీ, లేత వేళ్లనీ తింటాయి. పెద్ద మొక్కకి పెద్దగా ఏమీ కాదు. కొమ్మ నుంచి కొత్తగా వేళ్లు పోస్తున్న మొక్కకి మాత్రం ప్రమాదమే.

ఉన్నాయో లేవో తేల్చుకోవడానికి ఆలుగడ్డ చక్రం ఒకటి కోసి మట్టి మీద పెట్టండి. రెండు రోజులాగి తిరగేయండి. పిల్లపురుగులుంటే దాని అడుగున చేరతాయి. ఆ ముక్కని చెత్తబుట్టలో పారేసి ఇంకోటి పెట్టండి.

అసలు కారణం మాత్రం నీళ్లే. చూపుడువేలు మొదటి కణుపు వరకు మట్టిలో గుచ్చి, పొడిగా తగిలితేనే పోయండి. కోకోపీట్, అంటే కొబ్బరి పొట్టు, ఎక్కువున్న కుండీలతో మోసపోవద్దు. పైన ఎండినట్టే ఉంటుంది, లోపల బురద. ఎగిరేవాటికి పసుపు జిగురు అట్టలు, ఒక్కో కుండీకి చిన్న ముక్క. కనీసం నాలుగు వారాలు ఉంచాలి, ఎందుకంటే మట్టిలో ఉన్నవి పెరిగి పైకి రావడానికి అంత పడుతుంది. మట్టి మీద పాకుతూ, నీళ్లు పోస్తే గెంతే తెల్ల నలుసులు వేరే రకం, రెక్కలుండవు. వాటి వల్ల హాని లేదు, వదిలేయండి.

తామర పురుగు

2021లో గుంటూరు, ఖమ్మం మిరప చేలని ఊడ్చేసిన నల్ల తామర పురుగు గుర్తుందా? మా ఆడపడుచు వాళ్లు ఆ ఏడు పూతంతా పోగొట్టుకున్నారు. ఇంటి మొక్కల మీదికీ ఈ జాతి పురుగులు వస్తాయి. ఆకు మీద వెండి పూత పూసినట్టు మెరుపు, ఆ మెరుపులో నల్లటి చిన్న చుక్కలు. ఆ చుక్కలు వాటి రెట్ట. చిగుళ్లు వంకర తిరిగి విప్పుకుంటాయి. పురుగు మాత్రం దారపు తుంపు అంత సన్నగా ఉంటుంది, కాగితం మీద తట్టి చూడాల్సిందే.

నా మట్టుకు నాకు అన్నిటికంటే మొండిది ఇదే. గుడ్లు ఆకు లోపలే పెడుతుంది, ఎదిగే దశలో కొంత కాలం మట్టిలో ఉంటుంది. అందుకే ఆకు మీద ఎంత కొట్టినా మళ్లీ వస్తుంది. ఎక్కువ దెబ్బతిన్న ఆకులు కోసి కవర్లో కట్టి పారేయండి. పొలాల్లో పెట్టినట్టే నీలం జిగురు అట్టలు పెట్టండి. వేపనూనె ఐదు రోజులకొకసారి, నెల రోజులు.

పేనుబంక, తెల్లదోమ ఇంటి లోపల తక్కువ. బాల్కనీ నుంచి వస్తాయి. పేనుబంక లేత చిగురు మీద గుంపుగా కూర్చుంటుంది, వేళ్లతో నలిపేసి కడిగితే సగం పని అయిపోతుంది. తెల్లదోమ మొక్కని కదిపితే లేచి మళ్లీ వాలుతుంది, దానికి పసుపు అట్ట, ఆకు అడుగున సబ్బునీళ్లు.

వేపనూనె కలపడం

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. పూజా సామాను కొట్లో దొరికే దీపారాధన నూనె వద్దు, అందులో రకరకాల నూనెలు కలిపి ఉంటాయి. మొక్కల కోసమని రాసి ఉన్న గానుగ వేపనూనె కొనండి. దగ్గు మందుతో వచ్చే కొలత మూత దాచుకోండి, అందులో 5 మిల్లీలీటర్ల గీత ఉంటుంది. లీటరు నీటికి 5 మి.లీ. నూనె, అర చెంచా గిన్నెలు కడిగే లిక్విడ్. బట్టల సర్ఫు వద్దు, ఆకులు మాడతాయి. కుంకుడుకాయ రసం ఉంటే ఇంకా మంచిది.

నూనెని నేరుగా నీళ్లలో పోయకండి. ముందు గిన్నెలో నూనె, లిక్విడ్ రెండూ కలిపి, కాసిని గోరువెచ్చని నీళ్లు పోస్తూ గిలకొట్టండి. పాలలా తెల్లగా అవ్వాలి. అప్పుడు మిగతా నీళ్లు పోయండి. పైన నూనె చుక్కలు తేలుతుంటే కలవనట్టే. ఆ చుక్క ఏ ఆకు మీద పడితే అక్కడ మచ్చే. డిసెంబరులో నూనె సీసాలో గడ్డకడుతుంది, వేడినీళ్ల చెంబులో కాసేపు పెడితే కరుగుతుంది. కలిపింది ఆ రోజే వాడేయాలి. ముందు ఒక ఆకు మీద కొట్టి రెండు రోజులు చూడండి, ముఖ్యంగా ఫెర్న్, జేడ్ లాంటివాటికి. సాయంత్రం కొట్టండి, ఫ్యాను ఆపేసి, కింద పాత దుప్పటి పరిచి. ఆకు అడుగు తడిసి కారాలి.

దుకాణంలో అజాడిరక్టిన్ అని రాసిన వేపమందులు కూడా దొరుకుతాయి. వాటిలో గాఢతను బట్టి 1500 పీపీఎం, 10000 పీపీఎం అని రకరకాలు. రెండింటికీ ఒకే కొలత వేస్తే తప్పు. సీసా మీద రాసినంతే కలపండి. ఏదైనా వేపమందు కొట్టగానే పురుగులు రాలిపడవు. తిండి మానేస్తాయి, సరిగా ఎదగవు, మెల్లగా తగ్గుతాయి. రెండో రోజే చూసి "చావలేదు" అనకండి.

ఇంగువ నీళ్లు, పసుపు, దాల్చినచెక్క పొడి అన్నీ నేనూ ప్రయత్నించాను. నాకైతే ఫలితం కనిపించలేదు. వెల్లుల్లి, పచ్చిమిర్చి కషాయం కొడితే పురుగుల సంగతేమో గానీ, కొలతలివ్వడానికి వచ్చిన కస్టమరు తుమ్ముతూ వెళ్లిపోయింది.

ఊళ్లో పత్తి చేలో కొట్టే మందు సీసా ఒకసారి మా మరిది తెచ్చాడు, "ఒక్క మూత చాలు వదినా" అని. మూత తీయకుండానే తిప్పి పంపాను. తలుపులు మూసి ఉండే ఇల్లు, పసిపిల్లలు, పిల్లి. పొలం మందు ఇంట్లోకి రాకూడదు. బొద్దింకల స్ప్రే కూడా మొక్క మీద కొట్టొద్దు, ఆకులు కాలిపోతాయి. తులసి, కరివేపాకు లాంటి తినే మొక్కలకి నేను నీళ్లు, చేతులు తప్ప ఏమీ వాడను. కరివేపాకు మీద పక్షి రెట్టలా కనిపించే గొంగళి ఉంటే ఏరేయండి. నేను ఒకదాన్ని వదిలేస్తాను. నాలుగు రెబ్బలు తింటుంది, తర్వాత సీతాకోకచిలుక అవుతుంది.

కొత్త మొక్క, పాత మొక్క

నా అగ్లోనిమాకి పిండినల్లి ఎక్కడిదంటే, పండక్కి నెల ముందు నగరంలో ఒక నర్సరీలో కొన్న క్రోటన్‌తో వచ్చింది. పచ్చగా, నిగనిగలాడుతూ ఉంది, ఆకు తిరగేయకుండా ఆటోలో ఎక్కించుకున్నా. ఇప్పుడు ఏ మొక్క వచ్చినా, బహుమతిగా వచ్చినా సరే, మూడు వారాలు బాత్రూం కిటికీలోనే.

ఆ క్రోటన్‌ని చివరికి పారేశాను. కాండం పొడుగునా, వేళ్లలోకి కూడా పాకింది. మిగతా కుండీలు బాగుండగా ఒక్కదాని మీద మమకారం పెట్టుకుంటే కష్టం. పారేసేటప్పుడు మట్టితో సహా కవర్లో బిగించి కట్టాలి. కుండీని సబ్బుతో కడిగి, రెండు రోజులు ఎండలో పెట్టాకే మళ్లీ వాడాలి. వాచ్‌మన్ భార్య "అంత మంచి మొక్క, నాకివ్వచ్చుగా అమ్మా" అంది. ఇవ్వలేదు. దాని బదులు మనీప్లాంటు కొమ్మ ఇచ్చాను, ఆకులు తిరగేసి చూపించి మరీ.

ప్రస్తుతం బాత్రూం కిటికీలో మా అక్క కడియం నుంచి పంపిన పీస్ లిల్లీ ఉంది. పన్నెండో రోజు. నిన్న కాగితం మీద తట్టాను, దుమ్మే పడింది. ఒక నిమిషం చూశాను, నడవలేదు. ఇంకా తొమ్మిది రోజులు.